టోరో దారిలో విన్న మాటలు

నైజీరియా ఉత్తర భాగంలో జోస్ నుంచి బౌచీకి పోయే రోడ్డు మీద టోరో అని ఒక ఊరుంది. జోస్ పీఠభూమి దిగి అక్కడికి వచ్చేసరికి చలి తగ్గుతుంది, ఎండ మొదలవుతుంది. తూర్పుగా ఇంకొంచెం పోతే జరండా కొండ. చుట్టూ ఎటు చూసినా బండరాతి గుట్టలు, గుట్టల నడుమ జొన్న చేలు, అక్కడక్కడ లావుపాటి బావొబాబ్ చెట్లు. రాయలసీమలో పుట్టినవాడిని తీసుకెళ్లి ఒక మధ్యాహ్నం వేళ అక్కడ దించితే ఏ గుంతకల్లు దగ్గరో దిగాననుకుంటాడు.

1980ల మొదట్లో ఆ దారి పక్కనే ఒక సెకండరీ స్కూల్లో నేను లెక్కలు చెప్పాను. ఆ కాలంలో అలా వెళ్లిన తెలుగు టీచర్లు తక్కువేమీ కాదు. 1976లో అక్కడి ప్రభుత్వం అందరికీ ప్రాథమిక విద్య అని పెద్ద పథకం మొదలుపెట్టింది. ఆ పిల్లలంతా పెద్ద క్లాసులకు ఎక్కేసరికి లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లు చాలలేదు. చమురు డబ్బు చేతినిండా ఉంది. ఢిల్లీలో ఇంటర్వ్యూలు పెట్టి మనవాళ్లను తీసుకుపోయారు. ఒక నైరా ఇస్తే డాలరుకు పైనే వచ్చేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

నా ఉద్యోగం కథ చెప్పడానికి కూర్చోలేదు. ఆ గుట్టల మధ్య కొన్ని భాషలు నా చెవిన పడ్డాయి. అప్పుడే వాటిని మాట్లాడేది ఎక్కువగా పెద్దవాళ్లు. ఇవాళ వాటిలో కొన్నింటికి మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగే మనుషులు. వాటి గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు లేదు, రాయడానికి అవసరమూ పడి ఉండదు. విన్నవాడిని కాబట్టి నేను రాస్తున్నాను.

స్కూలు గేటు దగ్గర ఒక పెద్దాయన కాపలా ఉండేవాడు. కాపలావాణ్ని అక్కడ మైగాది అంటారు. హర్మటాన్ రోజుల్లో, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా మీది నుంచి దుమ్ముతో పొడిగాలి దిగే కాలంలో, కట్టెల మంట వేసుకుని, పక్కన ట్రాన్సిస్టర్ పెట్టుకుని కూర్చునేవాడు. రోజూ ఉత్తరాదిన అందరూ వాడే హౌసా భాషలో బీబీసీ వార్తలు వినాల్సిందే. 1957లో మొదలైన ఆ ప్రసారానికి ఆ ప్రాంతంలో ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. గడియారం లేనివాడు కూడా ఆ వేళకు రేడియో దగ్గరికి చేరేవాడు. పొద్దుగూకాక ఆయన భార్య తిండి తెచ్చేది. జొన్నపిండితో గట్టిగా వండిన తువో ముద్ద, ఎండబెట్టిన బావొబాబ్ ఆకు పొడి వేసి జిగురుగా కాచిన పులుసు. తింటూ ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. ఆ మాట హౌసా కాదు. సంతలో బేరమాడేంత హౌసా నాకు అప్పటికే పట్టుబడింది కాబట్టి ఆ తేడా తెలిసేది.

నేను మంట దగ్గరికి వస్తే చాలు, ఇద్దరూ ఠక్కున హౌసాలోకి మారిపోయేవాళ్లు. నా దగ్గర దాచాల్సిందేమీ లేదు వాళ్లకు. ఎదుటి మనిషికి అర్థంకాని మాట అతని ముందు మాట్లాడటం అక్కడ మర్యాద కాదు. స్కూల్లో, సంతలో, చెరువుగట్టున, లారీ ఎక్కినప్పుడు, ఎక్కడ చూసినా ఇదే మర్యాద. బయటివాడు ఒక్కడు చేరితే చాలు, పదిమంది తమ మాట పక్కనపెట్టి హౌసా అందుకునేవాళ్లు. బయటివాళ్లు రోజురోజుకూ పెరుగుతున్న కాలమది.

ఒకనాడు అడిగాను, మీ మాటను ఏమంటారని. తన ఊరి పేరు చెప్పాడు. మరి అవతలి గుట్ట వాళ్ల మాటను? ఆ ఊరి పేరు చెప్పాడు. అది మీకు అర్థమవుతుందా అంటే నవ్వి, భార్యను చూపించాడు. ఆమె ఆ గుట్ట మనిషి. ఇన్నాళ్లూ ఆయన తన ఊరి మాట మాట్లాడుతుంటే ఆమె తన ఊరి మాటలో జవాబిస్తోంది. ఎవరి మాట వాళ్లదే, సంసారం మాత్రం ఒకటి. మరి పిల్లలు ఏది మాట్లాడతారని అడిగాను. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. హౌసా, ఇంకేముంది?

చాలా ఏళ్ల తర్వాత, రిటైరయ్యాక, మనవడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వెతకడం నేర్పాక, ఆయన చెప్పిన ఆ రెండు పేర్లూ ఒకే జాబితాలో కనిపించాయి. జీమ్, చారి, డాన్షే, లూషి, టూలే, డ్యారిమ్. ఈ మాటలన్నిటినీ కలిపి పండితులు జీమ్ గుంపు అంటారు. ఒకే భాషకు మాండలికాలో, దగ్గరి చుట్టాలైన వేరు వేరు భాషలో తేల్చి చెప్పడం కష్టం కాబట్టి గుంపు అని సరిపెట్టారు. పక్క గుట్ట వాళ్లది తెలుస్తుంది, దాని పక్కది సగం తెలుస్తుంది, ఆ పైది తెలియదు. గీత ఎక్కడ గీయాలో ఎవరికీ తెలియదు. టోరో, బౌచీ, దాస్, తఫావా బలేవా వరకూ ఇలాంటి గుంపులు ఇంకా ఉన్నాయి. పోల్చి గుంపు, గెజి గుంపు, దాస్ కొండల్లో బరావా వాళ్ల మాటలు. వీటన్నిటినీ కలిపి దక్షిణ బౌచీ భాషలన్నారు. కియోషి షిమిజు అనే జపాన్ పండితుడు ఊరూరా తిరిగి వీటి మీద ఒక సర్వే చేసి 1978లో అచ్చు వేశాడు. నేను అక్కడికి పోకముందే ఆ పుస్తకం ఉందన్నమాట. మా స్టాఫ్ రూములో దాని పేరు విన్నవాడు ఒక్కడూ లేడు.

వీటి పై వంశం చాదిక్. చాద్ సరస్సు చుట్టూ ఉండే భాషలు కాబట్టి ఆ పేరు. చాదిక్‌లో నూట యాభైకి పైగా భాషలున్నాయి. అరబ్బీ, హీబ్రూ, అమ్హారిక్, పాత ఈజిప్టు భాష, ఉత్తర ఆఫ్రికాలోని బెర్బర్ ఉన్న పెద్ద కుటుంబానికే ఇవీ చెందుతాయని 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ పుస్తకం వచ్చాక దాదాపు అందరూ ఒప్పుకున్నారు. అంటే మా మైగాది మంట పక్కన భార్యతో మాట్లాడిన మాటకూ, పిరమిడ్లు కట్టించిన రాజుల మాటకూ ఎక్కడో వేల ఏళ్ల వెనక చుట్టరికం ఉంది. ఆ నూట యాభైలో ఒక్క హౌసాకే కోట్లమంది ఉన్నారు. మిగతావాటిలో చాలావాటికి కొన్ని వేలమంది, కొన్నిటికి కొన్ని వందలమంది. ఈ చిన్న భాషల్ని మింగుతున్నది ఇంగ్లీషు కాదు, అరబ్బీ కాదు. అదే వంశానికి చెందిన హౌసా. ఆఫ్రికాలో భాషలు పోతున్నాయంటే మనం వెంటనే తెల్లవాడి మీదికి వేలు చూపిస్తాం. బౌచీలో మాత్రం ఆ లెక్క సరిపోదు.

లెక్కల మేష్టరుగా నాకు ముందు కనబడింది అంకెలు. ఇంటి దగ్గర ఏ మాట మాట్లాడే పిల్లాడైనా మనసులో కూడుకునేది హౌసాలోనే. మీ ఊరి మాటలో ఇరవై దాకా చెప్పరా అంటే, ఐదు దాకా చెప్పి తడబడి, మిగతావి మా తాత చెబుతాడు సార్ అనేవాళ్లు. తమాషా ఏమిటంటే హౌసా కూడా ఇందులో అప్పులేని సంసారమేమీ కాదు. ఇరవైని అషిరిన్ అంటారు, ముప్ఫైని తలాతిన్, నలభైని అర్బాయిన్, యాభైని హంసిన్. అన్నీ అరబ్బీ నుంచి తెచ్చుకున్నవే. సహారా దాటి వచ్చిన వ్యాపారులతో లెక్కలు పడ్డప్పుడు హౌసావాళ్లు అరబ్బీ నుంచి తీసుకున్నారు, హౌసావాళ్లతో లెక్కలు పడ్డప్పుడు గుట్టల వాళ్లు హౌసా నుంచి తీసుకున్నారు. డబ్బు ఎటు నుంచి వస్తే అంకెలూ అటునుంచే వస్తాయి. హౌసా మిగతాదంతా నిలబెట్టుకుంది, వీళ్లు నిలబెట్టుకోలేకపోయారు.

అప్పట్లో ఉత్తర నైజీరియా అంతటా హిందీ సినిమాల పిచ్చి. ‘మదర్ ఇండియా’ 1957 నాటిది, దాన్ని అప్పటికీ జనం కళ్లనీళ్లు పెట్టుకుని చూస్తూనే ఉన్నారు. మా పిల్లలు పాటలన్నీ గొంతెత్తి పాడేవాళ్లు, ఒక్క ముక్కకూ అర్థం తెలియకుండా. ఇండియా మేష్టరు దొరికాడు కదా అని అర్థం చెప్పమని నా మీద పడేవాళ్లు. నాకు వచ్చిన హిందీ మద్రాసు రైల్లో టీ అడగడానికి సరిపోయేంత. మా ఊళ్లో ఆ భాష మాట్లాడరురా అంటే ఒక్కడూ నమ్మలేదు. ఇండియాలో ఉండేవాళ్లు ఇండియన్‌చీ మాట్లాడరా? అలా ఎలా కుదురుతుంది? అప్పుడు వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచి, సార్ చెప్పింది నిజమే అయ్యుంటుంది, నేను బౌచీకి పోతే నన్నూ హౌసావాడనే అంటారు కదా అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. వాడిది ఏ గుట్టో నేనప్పుడు అడగలేదు.

ఈ మాటలు గుట్టల మీదే ఎందుకున్నాయో తెలియాలంటే వెనక్కి పోవాలి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫులానీ మతగురువు ఉస్మాన్ డాన్ ఫోడియో జిహాద్ లేవదీసినప్పుడు, ఆయన చేతి నుంచి జెండా అందుకున్న నాయకుల్లో యాకుబు ఒకడు. బౌచీ పట్టణం కట్టించింది ఆయనే. మిగతా జెండాదార్లంతా ఫులానీలు, ఫులానీ కానివాడు ఆయనొక్కడే. ఆయనది గెరవా జాతి, వాళ్ల సొంత భాష గెరా. అదీ చాదిక్ భాషే. బౌచీ ఎమిరేట్‌ను నిలబెట్టిన మనిషి జాతివాళ్లలోనే ఇవాళ ఎంతోమంది ఇళ్లలో హౌసా మాట్లాడుతున్నారు. బౌచీ పరిసరాల్లో ఇలాంటి చిన్న భాషల మీద అమెరికా పండితుడు రస్సెల్ షూ 1978లో ఒక పుస్తకం రాశాడు. ఆయన పట్టికలో కూబి అని ఒక భాష పేరు చూసి ఉలిక్కిపడ్డాను. మన విశాఖ, విజయనగరం మన్యంలో కొండదొరలు మాట్లాడే కొండ భాషకు కూడా కూబి అనే పేరుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు దాని మీద 1969లో హైదరాబాదులో ప్రచురించిన వ్యాకరణం పేరులోనే ఆ మాట ఉంది. రెంటికీ సంబంధమేమీ లేదు, కాకతాళీయం. కానీ రెండూ కొండల పక్కన చిన్న భాషలే.

జిహాద్ తర్వాత నూరేళ్లు గుర్రాల మీద వచ్చి మనుషుల్ని పట్టుకుపోయే దాడులు సాగాయి. మైదానంలో ఉన్నవాళ్లు లొంగిపోయారు, లేదా బానిసలయ్యారు. మిగిలినవాళ్లు గుట్టలెక్కారు. గుర్రం ఎక్కలేని చోట ఊళ్లు కట్టుకున్నారు. బండల మధ్య చిన్న చిన్న మడులు చేసుకున్నారు, పాలుకారే జెముడు కంచెలు దట్టంగా పెంచారు. ఆ మడుల్లో పండించింది తాంబా, గేరో, దావా, అచ్చా. తాంబా అంటే రాగి, గేరో అంటే సజ్జ, దావా అంటే జొన్న. అచ్చా మాత్రం మనకు లేని గింజ, ఆవాల కంటే సన్నం. రాగి, సజ్జ, జొన్న, అలసంద ఈ నాలుగూ వేల ఏళ్ల కింద ఆఫ్రికా నుంచే మన నేలకు వచ్చాయి. నేను ఏడాదంతా అక్కడ సంతలో రాగులు కొని సంకటి చేసుకుని తిన్నాను. ఇండియావాడికి మన తాంబా ఎలా తెలుసని సంతలో ఆడవాళ్లు వింతపడేవాళ్లు. సంత మూలన అలసందపప్పు రుబ్బి నూనెలో వేయించే కొసై దొరికేది. పొద్దున్నే వేడివేడిగా ఆకులో కట్టి ఇచ్చేవాళ్లు, అది లేకపోతే ఆ ఉద్యోగం చేయగలిగేవాణ్ని కాదేమో.

గుట్టలు మనుషుల్ని కాపాడాయి. గుట్టకో మాట నిలవడానికి కారణమూ ఆ గుట్టలే. 1902లో ఇంగ్లీషువాళ్లు బౌచీని పట్టుకున్నాక దాడులు ఆగాయి, జనాన్ని కిందికి దిగమన్నారు. కింద రోడ్డుంది, పన్ను కట్టించుకునే అధికారి ఉన్నాడు, సంత ఉంది. దిగినవాడికి దిగినచోటే హౌసా ఎదురైంది. ఇంగ్లీషువాళ్లు ఎమీర్లనే ముస్లిం పాలకుల ద్వారా పాలించారు కాబట్టి కచేరీలో హౌసా. పశ్చిమాన జోస్ పీఠభూమిలో తగరం గనులు తెరిచాక కూలికి పోయినవాళ్లందరికీ అక్కడ హౌసా. రెండో ప్రపంచయుద్ధంలో మలయా తగరం జపాన్ చేతిలో పడ్డాక, 1942 నుంచి 44 దాకా ఉత్తర నైజీరియా పల్లెల నుంచి బలవంతాన కూలీలను పట్టి జోస్ గనులకు తోలారు. లక్ష మంది దాకా పోయారంటారు. వెనక్కి వచ్చినవాళ్లు రోగాలతో వచ్చారు, హౌసాతో వచ్చారు.

మతం సంగతి చెప్పాలి. అక్కడ ముస్లింలు, క్రైస్తవులు ఒకరినొకరు ఎన్ని తిట్టుకున్నా ఒక్క విషయంలో ఏకమాట. మసీదులో ఖురాను అరబ్బీలో చదివినా దాని వివరణ హౌసాలోనే. చర్చిలో బైబిలు హౌసాది, 1932లో పూర్తిగా అచ్చయింది. ఒక్కో గుట్టకూ ఒక్కో బైబిలు ఎవరు అనువదిస్తారు? పాస్టర్లను నేను తప్పుపట్టను. వాళ్లకు ఊళ్లు చాలా ఉన్నాయి, మనుషులు తక్కువ. కానీ గుట్టల వాడు దేవుడితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు, ఏ దేవుడైనా సరే, హౌసాలోనే మాట్లాడాడు.

బడి కూడా అంతే. 1977 నాటి జాతీయ విద్యావిధానం కాగితం మీద బాగుంది. మొదటి క్లాసుల్లో తల్లిభాషలో చెప్పాలి, లేకపోతే ఆ చుట్టుపక్కల భాషలో చెప్పాలి అని రాసుకున్నారు. ఆ ‘లేకపోతే’ అనే చిన్న తలుపులోంచి హౌసా లోపలికి వచ్చి కూర్చుంది. మా స్కూలు పెద్ద క్లాసులది కాబట్టి పాఠమంతా ఇంగ్లీషులో. ఆటస్థలమంతా హౌసాలో. బోర్డింగు గదుల్లో రాత్రి దీపాలార్పాక ఒకే ఊరి పిల్లలు ఇద్దరు చేరితే ఇంకో మాట వినబడేది. మరుసటి ఏడాది కొత్త పిల్లలు చేరేసరికి అదీ తగ్గేది.

అందరూ ఇలా వదులుకోలేదు. తఫావా బలేవా వైపు జార్ అనే జాతి ఉంది. హౌసావాళ్లు వాళ్లను సయావా అంటారు. భాష పరంగా జీమ్ వాళ్లకు చుట్టాలే. నైజీరియా మొదటి ప్రధానమంత్రి అబూబకర్ తఫావా బలేవా ఆ ఊళ్లోనే 1912లో పుట్టాడు, రాజకీయాల్లోకి రాకముందు బౌచీలో బడిపంతులుగా పనిచేశాడు. జార్ వాళ్లు తమను ఎమీర్ కింద ఉంచవద్దని, తమ పెద్దను తామే పెట్టుకుంటామని దశాబ్దాలపాటు పోరాడారు. 1991లో అక్కడ మొదలైన గొడవ ఎందరి ప్రాణాలో తీసింది, ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ రాజుకుంది. ఆ పోరులో వాళ్ల భాషే వాళ్ల గుర్తు అయింది. ఇవాళ జార్ మాట్లాడేవాళ్లు లక్షకు పైగా ఉన్నారు. ఫ్రెంచి పండితుడు బెర్నార్ కారోన్ ఏళ్ల తరబడి వాళ్ల మధ్య పనిచేసి ఆ భాష గురించి చాలా రాశాడు. గొడవ పడినవాళ్ల భాష నిలిచింది, మర్యాద చూపినవాళ్లది పోతోంది. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ కళ్లముందు కనిపిస్తున్నది ఇదే.

అదే కారోన్ లూరి అనే భాష గురించి కూడా రాశాడు. పోల్చి గుంపులోది. 2004 నాటికి దాన్ని మాట్లాడేవాళ్లు ఇద్దరని లెక్క. ఇద్దరంటే ఇద్దరే. ఉత్తరాన షిరా, తెషేనా, ఔయో అని మూడు ఊళ్లున్నాయి. ఒకప్పుడు అక్కడ ఆ పేర్లతోనే చాదిక్ భాషలుండేవి. ఇప్పుడు ఊళ్లున్నాయి, సంతలున్నాయి, మనుషులు లక్షణంగా ఉన్నారు. భాషలు మాత్రం పూర్తిగా పోయాయి. ఎవరూ చావలేదు, ఎవరూ ఊరొదిలి పోలేదు. ఇల్లు ఇల్లుగా మాట మారింది, అంతే. జీమ్ గుంపులో చాలా మాటలు ఇప్పుడు అదే దారిలో ఉన్నాయి. డ్యారిమ్ లాంటివి కాస్త నిలదొక్కుకున్నాయి. మిగతావాటిలో పిల్లలు నేర్చుకోవడం లేదు.

పోయేదాంట్లో ముందు పోయేది శబ్దం. జార్‌లోనూ, ఇంకా ఎన్నో చాదిక్ భాషల్లోనూ ఒక వింత హల్లు ఉంది. నాలుక కొన పైపళ్ల వెనక ఆనించి, రెండు పక్కల నుంచి గాలి ఊదాలి. ‘స’ అందామని మొదలుపెట్టి ‘ల’ దగ్గర ఆగినట్టు ఉంటుంది. మా మైగాది మాటలో అది బుస్సుమని వినబడేది. నేను ఎంత ప్రయత్నించినా రాలేదు, ఆయన భార్య పొట్ట పట్టుకుని నవ్వేది. హౌసాలో ఆ శబ్దం లేదు. అందుకే హౌసా మాత్రమే వచ్చిన మనవడు తాత మాటలో ఒకటీ అరా నేర్చుకున్నా, ఆ హల్లు దగ్గర మామూలు ‘ల’నో ‘స’నో వేసుకుని పోతాడు. మాటలు కొన్ని మిగిలినా వాటి అసలు గొంతు మిగలదు.

పాత మాట పాటల్లో మాత్రం కొన్నాళ్లు నిలిచేది. వానలు పడ్డాక చేను దున్నడానికి ఒక్క ఇల్లు చాలదు, ఊరంతా వరసగా చేరి గుద్దళ్లతో తవ్వుతారు. హౌసాలో దాన్ని గయ్యా అంటారు. చేనివాడు తిండి, జొన్న కల్లు పెట్టాలి, కూలి ఇవ్వనక్కర్లేదు. ఒకడు డప్పు పట్టుకుని ముందు వెనక్కి నడుస్తూ పాడితే, వరస మొత్తం వంగి తవ్వుతూ అందుకుంటుంది. ఆ పాట హౌసాలో ఉండేది కాదు. కబుర్లన్నీ హౌసాలో చెప్పుకున్నవాళ్లే పాట ఎత్తుకోగానే పాత మాటలోకి పోయేవాళ్లు. ఆ మాటలకు అర్థం వరసలో కుర్రవాళ్లకు తెలియదని నాకు తర్వాత తెలిసింది. మా పిల్లలు హిందీ పాటలు పాడినట్టే వాళ్లు తమ తాతల పాట పాడారు.

అప్పట్లో మా టీచర్లందరి దగ్గరా టూ-ఇన్-వన్ ఉండేది. మొదటి జీతంతో కొనేది అదే. ఉత్తరం ఇంటికి చేరడానికి వారాలు పట్టేది, ఫోను అందేది కాదు. అందుకని క్యాసెట్లో మాట్లాడి, ఊరికి పోయే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. మా అమ్మకు చదువు రాదు, క్యాసెట్ అయితే ఎవరి సాయం లేకుండా తనే వినేది. అలాంటి క్యాసెట్లలో మన గొంతుతోపాటు వెనక చాలా వినబడుతుంది. కోడి కూత, లారీ హారన్, నమాజు పిలుపు, గేటు దగ్గర ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్న మాట. నేను అమ్మకు పంపిన ఒక క్యాసెట్లో గయ్యా పాట పడింది. అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో దొరికితే హైదరాబాదులో ఒకచోట ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించాను. నా ఆరోగ్యం గురించీ, రాగిపిండి దొరుకుతుందనీ నేను చెబుతుంటే, వెనక దూరంగా ఆ పాట కొన్ని నిమిషాలు స్పష్టంగా వినబడుతోంది.

1986లో నైరా విలువ పడిపోయింది. ఐఎంఎఫ్ తరహా సంస్కరణలు వచ్చాయి, జీతం ఇంటికి పంపడం అసాధ్యమైంది. ఒకరి తర్వాత ఒకరం వచ్చేశాం. వచ్చేటప్పుడు అందరం బట్టలు, టూ-ఇన్-వన్, ఫోటో ఆల్బమ్, ఒక పెట్టెడు క్యాసెట్లు తెచ్చుకున్నాం. ఎవరూ వాటిని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన వస్తువులని ఎవరికి తెలుసు?

బ్రిటిష్ పండితుడు రోజర్ బ్లెంచ్ లాంటివాళ్లు ఇప్పటికీ ఆ ప్రాంతంలో తిరుగుతూ, మిగిలినవాళ్లు చెప్పింది రాసుకుంటున్నారు. రాసుకోగలిగేది ఇప్పుడున్నవాళ్లు చెప్పినదాన్నే. 1980లో అక్కడ ముసలివాళ్లయిన మనుషుల గొంతు ఇప్పుడు ఎవరికీ దొరకదు, ఎవరి టేపులోనో పొరపాటున పడి ఉంటే తప్ప.

అందుకే ఈ వ్యాసం చదివేవాళ్లలో నైజీరియాలో పనిచేసి వచ్చిన టీచర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు ఉంటే, లేదా వాళ్ల పిల్లలు ఉంటే, ఒక విన్నపం. బౌచీ, జోస్, గోంగోలా, బోర్నో వైపు ఉండి వచ్చినవాళ్లకు మరీ ముఖ్యంగా. అటక మీద క్యాసెట్లుంటే పారేయకండి. అరిగిపోయిన పాత ప్లేయర్లో పెట్టి వినే ప్రయత్నం చేయకండి, టేపు తెగుతుంది. తెలిసినవాళ్ల చేత డిజిటల్‌గా మార్పించండి. ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో, ఎవరి ఇంట్లో రికార్డు చేశారో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి పెట్టండి. 2002లో లండన్‌లో మొదలై ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న ఎలార్ అనే సంస్థ అంతరించిపోతున్న భాషల రికార్డులు భద్రపరుస్తుంది. జోస్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పేవాళ్లున్నారు. మీ టేపులో మీ పెళ్లిరోజు కబుర్ల వెనక గేటు దగ్గర ఎవరో మాట్లాడుతూ ఉండవచ్చు. ఆ రెండు నిమిషాలూ వాళ్ల మనవళ్లకు కావాలి.